వసారాలో చాప

మా ఆయన ఆలూరు నుంచి పత్తి బండ్లు తోలుకుని డోన్ రైలు స్టేషనుకు పోయేవాడు. అక్కడ పత్తి దించి, వస్తూ వస్తూ ఏం తెచ్చేవాడో నా ఒళ్లే చెప్పింది. కాపురానికొచ్చిన కొన్నేళ్లకు చెప్పుకోరాని చోట నీటి పొక్కులు లేచాయి. అవి పగిలి పుండ్లయ్యాయి. ఒంటికి పోతే కారం చల్లినట్టు మండేది.

అత్తకు చెబితే వేడి చేసిందని మజ్జిగ తాగించింది. లోకంలోని జబ్బులన్నీ ఆమెకు వేడే. పుండ్లు వాటంతటవే మానితే మజ్జిగకు పేరొచ్చింది. కొన్నాళ్లకు మళ్లీ లేచాయి.

పుట్టింటికి పోయినప్పుడు అమ్మ నన్ను మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయింది. దొరసాని డాక్టరు చూసి, ఇది సూదులతో పోయే సవాయి రోగం కాదు, మీ ఆయన నుంచి అంటిన పొక్కుల జబ్బు, పోగొట్టే మందు లేదు అంది. ఒంట్లోనే దాక్కుని, ఒళ్లు నలిగినప్పుడల్లా పైకొస్తుందట. ఉప్పు నీళ్లతో కడుక్కుని పొడిగా ఉంచుకోవాలి, మానేదాకా మగడి దగ్గరికి పోకూడదు అంది. ఆ చివరి మాటకు నవ్వొచ్చింది. ఆయనతో ఆ మాట ఎవరు చెప్పాలి?

మా ఇళ్లలో ఆడది మగడికి దూరంగా పడుకోవాలంటే ముట్టు ఒక్కటే దారి. వసారా మూల చాప, చెంబు, కంచం ఇస్తారు, ఎవరూ తాకరు. అందుకే ఆ చోట చురుక్కుమనగానే "బయట చేరినానత్తా" అని చాప పరుచుకునేదాన్ని. ఆ మూల నాకు పుట్టిల్లంత హాయిగా ఉండేది.

అత్త ఊరుకుంటుందా?

"ఏమ్మే, నెలకెన్నితూర్లు బయటుంటావు? నీ కడుపెప్పుడు పండాల?"

నన్ను గొడ్రాలిని చేసి, ఆయనకు మారు పెళ్లి చేశారు. వచ్చినామె నా ఈడుదే. సంబంధాలు కుదరక పుట్టింట్లో ఉండిపోయిన మనిషి, నవ్వు ముఖం, నన్ను నోరారా అక్కా అనేది. నేను ఏడవలేదు. ఆయన ఇక నా జోలికి రాడులే అనుకున్నాను, అంతే.

ఆ పత్తి కాలం దాటకముందే, ఒక మధ్యాహ్నం నేను చాప మీదుంటే, ఆమె నాకు అన్నం తెచ్చింది. కాళ్లు ఎడంగా వేస్తూ, పంటి బిగువున నడుస్తోంది. దొరసాని మాటలన్నీ గొంతు తగ్గించి చెప్పాను. వసారా ఉపాయం కూడా చెప్పాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వు బయటుంటే ఆయప్ప నాకాడికి వస్తాండాడు. నేనూ బయటుంటే ఇంగెవురికాడికి పోతాడక్కా?"

నేను జరిగి చాపలో సగం చోటిచ్చాను. ఆమె ఆ ఖాళీని చూస్తూ నిలబడింది. ఇంతలో, పొద్దున డోన్ నుంచి వచ్చిన ఆయన లోపలి నుంచి కేకేశాడు.

"వస్తాండా," అని ఆమె లోపలికి పోయింది.