దుప్పటి మీద దేశపటం

ఆ రోజుల్లో గొంతు బాగుండి, ముందు మైకు ఉంటే జనాన్ని ఏ సంగతైనా నమ్మించవచ్చని నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఇప్పుడు ఎవరైనా నన్ను నమ్మించడానికి వస్తే, ముందు దగ్గర్లో కుర్చీ ఉందా లేదా అని చూసుకుంటున్నాను. ఇన్నేళ్ళుగా వినీ వినీ అలసిపోయాను. దేశాన్ని మేం కాపాడతామంటే మేం కాపాడతామని ప్రతి ఎన్నికలకీ ఎవరో ఒకరు గొంతు చించుకుంటూనే ఉంటారు. నేను టీవీ కట్టేసి (మా ఆవిడ వంటింట్లోంచి "అప్పుడే కట్టేశారేం?" అంటుంది) కాసేపు కళ్ళు మూసుకుంటాను. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆ పని నేనూ చేశాను. పైగా చాలా బాగా చేశానని అప్పట్లో అందరూ అన్నారు.

చైనాతో ఒక యుద్ధం, పాకిస్తాన్‌తో ఒక యుద్ధం అయిపోయి ఎన్నికలు వచ్చిన రోజులవి. నేను బి.ఏ. పూర్తి చేసి జగ్గయ్యపేటలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను (ఉద్యోగం మాత్రం నా కోసం ఎదురుచూడటం లేదు). మా బాబాయి నన్ను తీసుకెళ్ళి, పార్లమెంటుకు నిలబడుతున్న ఒక పెద్దమనిషికి అప్పగించాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. అంతకు వారం ముందే అవతలి పార్టీవాళ్ళు నందిగామ సభలో "వీళ్ళకి సరిహద్దు ఎక్కడుందో కూడా తెలియదు, వీళ్ళు దేశాన్ని కాపాడతారట" అని ఎగతాళి చేశారు. ఆ మాట పెద్దాయనకి తగలరాని చోట తగిలింది. మేడ మీద మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "దేశరక్షణ విషయంలో జనానికి మన మీద గురి కుదరాలయ్యా. ఏం చేద్దాం?" అన్నారు. ఒకాయన ఊరూరా కవాతు చేయిద్దామన్నాడు. ఇంకొకాయన పెద్దాయన్నే మిలటరీ టోపీ పెట్టుకోమన్నాడు (పెట్టి చూశాం, బస్సు కండక్టరులా ఉన్నారు). అప్పుడు నేను లేచి, "పటం చూపిద్దామండి. సరిహద్దు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే ఇంక నోరెత్తరు" అన్నాను. పెద్దాయన నా వంక మెచ్చుకోలుగా చూసిన చూపుకి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జగ్గయ్యపేటలో కిరాణా కొట్లకి బోర్డులు రాసే పెయింటరు చేత పటం వేయించాం. అంత పెద్ద గుడ్డ దొరక్క రెండు దుప్పట్లు కలిపి కుట్టించాం. ఆ కుట్టు సరిగ్గా హిమాలయాల నడుం మీదుగా పోయింది. పెయింటరు హిమాలయాలు ఎప్పుడూ చూడలేదు కాబట్టి తను చూసిన కొండల్లాగే పచ్చగా వేసి, ఖాళీగా ఉంటే బాగుండదని అక్కడక్కడా తాటిచెట్లు పెట్టాడు. తెల్లరంగు తెచ్చి మంచు నేనే పూశాను. జీపు వెనక రెండు వెదురు కర్రలకు ఆ పటం కట్టి, చేత్తో బెత్తం పట్టుకుని నిలబడితే, గాలి వీచినప్పుడల్లా దేశం మొత్తం కడుపు ఉబ్బించుకునేది. జీపు నడిపే ఆయన అందర్నీ అల్లుడూ అని పిలిచేవాడు కాబట్టి మేమంతా ఆయన్ని మావయ్య అనేవాళ్ళం. "అల్లుడూ, గట్టిగా పట్టుకో, కాశ్మీరం ఎగిరిపోద్ది" అని స్టీరింగు ముందు నుంచి కేకలేసేవాడు.

మొదటి సభ చిల్లకల్లులో. సాయంత్రం కూలిపనుల నుంచి వచ్చినవాళ్ళంతా ఆగి చూశారు. నేను బెత్తంతో గీత చూపిస్తూ, ఇటు మనం, అటు వాళ్ళు, మధ్యలో మన జవాన్లు అని ఊగిపోతుంటే ముందు వరసలోంచి ఒక పెద్దమ్మ లేచింది. అరవై దాటిన మనిషి, మెడలో నల్లదారానికి చిన్న శిలువ.

"బాబూ, మావోడు మిలట్రీలో ఉన్నాడయ్యా. నాలుగు నెలలైంది ఉత్తరం రాక. మేం ఏసినయ్యి తిరిగొచ్చినయ్. వాడు ఇందులో ఎక్కడున్నట్టు?"

తెలియదు అనాలి. కానీ మేం వచ్చిందే మాకు తెలుసని చెప్పడానికి. పెద్దాయన నా వెనకే కుర్చీలో కూర్చుని ఉన్నారు. బెత్తం ఎక్కడ అందితే అక్కడ, ఈశాన్యం మూల మంచు మీద ఆనించి, "ఇదిగో పెద్దమ్మా, ఇక్కడ. క్షేమంగా ఉన్నాడు" అన్నాను. ఆవిడ జీపు దగ్గరికి వచ్చి, కాలివేళ్ళ మీద లేచి, ఆ చోట అరచెయ్యి ఆనించి, కళ్ళకద్దుకుంది. జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన నా భుజం తట్టారు. నాకు ఏ కొంచెమైనా సిగ్గు వేసిందా అంటే, నిజం చెబుతున్నాను, వెయ్యలేదు. పొంగిపోయాను.

అంతటితో ఊరుకున్నానా? ఆ పెద్దమ్మ సంగతి నా ఉపన్యాసంలో కలిపేసుకున్నాను. మూడు రోజుల తర్వాత నందిగామ సంతరోజు సభలో, ఇసకేస్తే రాలనంత జనం ముందు, "చిల్లకల్లు తల్లి కన్న బిడ్డ ఈ క్షణాన ఇదిగో, ఇక్కడ, మంచులో నిలబడి మనల్ని కాపాడుతున్నాడు" అని బెత్తం ఎత్తాను. ఆ రోజు పటాన్ని వేదికకి అవతలి పక్కన కట్టారు. నా బెత్తం కాశ్మీరం దాకానే అందింది. సరే, మంచు ఎక్కడైనా మంచే అనుకున్నాను.

"అదేంది బాబూ!" అని జనంలోంచి ఒక గొంతు. చూస్తే ఆవిడే. బస్సెక్కి వచ్చింది. "మొన్న ఆ మూల అన్నావు, ఇయ్యాల ఈ మూల అంటన్నావు. మూడు రోజుల్లో అంత దూరం నడిపిచ్చారా మావోణ్ణి?"

సంత సంతంతా గొల్లుమంది. మిరపకాయల బస్తాల మీద కూర్చున్నవాళ్ళు కింద పడేటట్టు నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. చేతిలో ఒక కాగితం ముక్క, చిన్న పెన్సిలు పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి వచ్చింది. "ఎగతాళికి అడగలా నాయనా. ఆ ఊరి పేరు దీని మీద రాసియ్యి. పోస్టుమాస్టరు గారికి చూపిస్తా. పేరు లేకపోతే ఉత్తరం పోదంటన్నాడు."

బెత్తం పక్కన పెట్టి కాగితం అందుకున్నాను. ఆ కాగితం మీద ఏదో ఒక ఊరి పేరు రాసేయవచ్చు. రాస్తే ఆవిడ ఆ ఊరికి ఉత్తరాలు వేస్తూనే ఉంటుంది. మైకు నోటి ముందే ఉందన్న సంగతి కూడా మర్చిపోయి, "నాకు తెలియదు పెద్దమ్మా. మొన్న కూడా తెలియదు" అన్నాను. నందిగామ మొత్తానికి వినపడింది. నవ్వు ఆగిపోయింది. ఆవిడ నా వంక, తర్వాత వేదిక మీద వరసగా కూర్చున్న పెద్దమనుషుల వంక చూసి, "మరి తెలిసినోళ్ళు ఎవురు?" అంది. వాళ్ళలో ఒకాయన సోడా తాగాడు.

మర్నాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళాను. కొడుకు పాత ఉత్తరం మీదున్న నంబరు చూసి, పోస్టుమాస్టరుగారు చెప్పిన మిలటరీ ఆఫీసుకి ఇంగ్లీషులో నాలుగు పేజీల అర్జీ రాశాను (నా బి.ఏ. అక్కరకొచ్చింది ఆ ఒక్కసారే). పార్టీలో నా పని అయిపోయిందనుకుంటూ తిరిగి వస్తే, పెద్దాయన నవ్వుతూ ఎదురొచ్చారు. "నిన్న ఆ 'తెలియదు' అన్న ముక్క ఎంత పండిందనుకున్నావ్! ఊరంతా అదే మాట. మనవాళ్ళు నిజాయితీపరులంటున్నారు. మైలవరంలో కూడా అనాలి."

మైలవరంలో అన్నాను. జి.కొండూరులోనూ అన్నాను. ఎవరో ఒకరు జనంలోంచి లేచి అడిగేవారు (ఆ ఏర్పాటు పెద్దాయనది), నేను బెత్తం దించి, కాసేపు ఆగి, గొంతు కొంచెం జీరపోనిచ్చి, "నాకు తెలియదు" అనేవాణ్ణి. నాలుగోసారి అయ్యాక మావయ్య జీపు స్టార్టు చేస్తూ, "ఇయ్యాల ఇంకా బాగొచ్చింది అల్లుడూ, నాక్కూడా కళ్ళలో నీళ్ళు తిరిగినయ్" అన్నాడు. ఆ మాటకి నాకు ఒళ్ళంతా నీరసం కమ్మింది. ఇరవై మూడేళ్ళ వయసులో అంత అలసట నేను ఎరగను. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదనే నా అనుమానం.

పెద్దాయన గెలిచారు. అందరూ విజయవాడ వెళ్ళి దండలు వేశారు. నేను జగ్గయ్యపేట పార్టీ ఆఫీసులో గోడల మీది కాగితాలు పీకుతున్నాను. అప్పుడు పెద్దమ్మ వచ్చింది, చేతిలో విప్పని ఉత్తరం. చదివి పెట్టేవాళ్ళు ఊళ్ళో లేక కాదు. "నువ్వే చదవాలని తెచ్చా బాబూ" అంది. బల్ల మీద కూర్చోబెట్టి, విప్పి చదివాను. దళం మారిందట, అందుకే ఉత్తరాలు తప్పిపోయాయట. ఒంట్లో బాగానే ఉందట. ఎక్కడున్నానో రాయకూడదు, ఎవరైనా వచ్చి మాకు తెలుసని చెబితే నమ్మొద్దు అని కూడా రాశాడు (అది చదివేటప్పుడు నా గొంతు నిజంగానే జీరపోయింది).

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా, "అన్నం సంగతి ఏవన్నా రాశాడా? రొట్టెలు పెడితే తినలేడు వాడు" అంది.

రాయలేదు. కాగితం తిరగేశాను, అటు పక్క ఖాళీగా ఉంది. ఆ ఖాళీ పేజీ మీద చూపు పెట్టి, "రాశాడు పెద్దమ్మా. రెండు పూటలా అన్నమేనట. మన వైపు బియ్యమేనట" అన్నాను.

"మన బియ్యమేనా!" అని ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆ ముక్క ఇంకోసారి చదువు నాయనా."

మళ్ళీ చదివాను. ఈసారి పప్పు కూడా కలిపాను. బెత్తం లేదు, మైకు లేదు, వెనక భుజం తట్టే మనిషి లేడు. అప్పటి ఆ బి.ఏ. కుర్రాడు అలా ఖాళీ కాగితం మీద వేలు పెట్టి శ్రద్ధగా చదువుతుండటం తలుచుకుంటే ఈ వయసులో నాకు నవ్వొస్తుంది, వాడి మీద కాస్త జాలి కూడా వేస్తుంది. దేశరక్షణ గురించి నేను అన్ని ఊళ్ళలో చెప్పినవాటిలో ఒక మనిషి చివరిదాకా మనసారా నమ్మింది ఆ పప్పన్నం ఒక్కదాన్నే.