కెమెరా పెట్టిన దిష్టిచుక్క

ఈ మధ్యాహ్నం ఢిల్లీ ద్వారకలో దుమ్ముగాలి లేచింది. కిటికీ మూసేలోగా పళ్ళ మధ్య ఇసుక కరకరలాడింది. బల్ల మీది కళ్ళద్దాలు తీసి, నోటితో ఊదబోయి ఆగాను. సొరుగులోంచి రబ్బరు బుడ్డి తీసి నొక్కాను. పుస్సుమని వచ్చిన గాలితో, ఆ పాత రబ్బరు వాసనతో కాత్యాయని గుర్తొచ్చింది. ఆమె అంటే నాకు అసూయ. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఎవరినైనా తలుచుకుంటూ రాసేవాళ్ళు గౌరవంతో మొదలుపెడతారు. నాకు అబద్ధం చేతకాదు అందామంటే, ఆ మాటే పెద్ద అబద్ధం.

మూర్తిగారు ఢిల్లీలో ఎక్కడ ఫోటో స్టూడియో పెడితే అక్కడ ఇరవై ఏళ్ళు ఆయన వెంటే ఉన్నాను. రీలు కెమెరాలను కళ్ళు మూసుకుని విప్పి, తుడిచి, బిగించేవాణ్ణి. కెమెరాల బీరువా తాళంచెవి నా మొలతాడుకే వేలాడేది. స్టూడియోలో నాకున్న మర్యాదంతా ఆ తాళంచెవే. నాకు అక్షరం ముక్క రాదని ఎవరికీ తెలియదు. కాగితం చేతికిస్తే "అద్దాలు తేలేదు" అనేవాణ్ణి. తర్వాత డిజిటల్ కెమెరా వచ్చింది. దాని వెనకే కాత్యాయని వచ్చింది. గుంటూరు పిల్ల, భర్తది సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం. కెమెరాతో వచ్చిన లావుపాటి పుస్తకాన్ని రెండు రోజుల్లో చదివి పక్కన పడేసింది. నన్ను బాబాయ్ అనేది. ఆ పిలుపూ నాకు గిట్టేది కాదు.

ఆ ఎండాకాలం ఒక తెలుగువాళ్ళ పిల్లాడి మొదటి పుట్టినరోజు ఫోటోలు తీశాం. కట్టలో పైనున్న ఫోటోలో పిల్లాడి బుగ్గ మీద నల్లచుక్క కనిపించింది. తల్లి దిష్టిచుక్క పెట్టిందనుకుని మిగతావి చూడకుండా కవరులో పెట్టి ఇచ్చేశాను. సాయంత్రం తండ్రి తిరిగొచ్చాడు.

"పిల్లాడికంటే సరే అంకుల్. మా అమ్మకీ, నాకూ, కేకుకీ కూడా దిష్టిచుక్క పెట్టారేంటి?"

నిజమే. ప్రతి ఫోటోలో ఎడమవైపు పైన, ఒకే చోట ఒకే చుక్క. కెమెరా లోపల బొమ్మ పట్టే చిన్న పలక మీద దుమ్ము కూర్చుంది. మూర్తిగారు నావైపు చూడకుండానే అన్నారు: "రేపటికి ఆ మచ్చ పోవాలి రంగయ్యా. నీవల్ల కాకపోతే తాళంచెవి అమ్మాయికి ఇచ్చేయ్."

మర్నాడు అందరికంటే ముందే వెళ్ళాను. లెన్సు విప్పి, తలుపు తెరుచుకునేలా మీట నొక్కిపట్టి, పలక మీద పైభాగాన గట్టిగా ఊదాను. తెల్లగోడను ఫోటో తీసి చూస్తే పాత చుక్క అక్కడే ఉంది. కింద ఇంకో పెద్ద మరక కొత్తగా చేరింది. నా ఉమ్మి.

"పైన కనిపించేది కింద ఉంటుంది బాబాయ్. లోపల బొమ్మ తలకిందులుగా పడుతుంది." కాత్యాయని ఎప్పుడొచ్చిందో నా వెనకే నిలబడి ఉంది. "మెనూలో క్లీనింగ్ అని ఉంటుంది, నొక్కండి."

"అద్దాలు తేలేదమ్మా."

"మీ ముక్కు మీదే ఉన్నాయి."

నవ్వలేదు. అర్థమైపోయిందామెకు. అప్పుడే మూర్తిగారు వచ్చి కంప్యూటర్లో మరక చూశారు. "ఎవరు ఊదారు ఇందులో?"

నా చెయ్యి మొలతాడు మీదికి పోయింది.

"నేనే సార్. తొందరపడ్డాను" అంది కాత్యాయని.

"అచ్ఛా! అంత చదివి నోటితో ఊదావా? మా రంగయ్యను చూసి నేర్చుకో. తాళం ఆయన దగ్గరే ఉండనీ."

ఆమె సరేనంది. కెమెరా ముఖం కిందికి తిప్పి రబ్బరు బుడ్డితో గాలి కొట్టింది. కొసకు మెత్తటి గుడ్డ చుట్టిన తడిపుల్లతో పలకను ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి తుడిచింది. మళ్ళీ ఫోటో తీస్తే గోడ పాలలా వచ్చింది. ఆ పని చేస్తూ కూనిరాగం కూడా తీసింది. తిట్టు తిన్న మనిషికి అంత తేలిగ్గా ఎలా ఉంటుంది? నేనైతే చచ్చేవాణ్ణి. తాళంచెవి దక్కినందుకు సంతోషించాల్సింది పోయి, ఆ కూనిరాగానికి కుళ్ళుకున్నాను.

ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూసి, పాడైపోయిన ఫోటో వెనక అ, ఆ రాసి నా ముందుకు తోసింది. "ముందు మన అక్షరాలు. మెనూ సంగతి తర్వాత." యాభై దాటిన నాకు ఏడుపొచ్చినంత పనైంది. కొన్ని వారాలకు నా పేరు రగయ్య అని రాశాను.

"సున్నా ఏది బాబాయ్?"

"దుమ్మనుకుని తుడిచేశానమ్మా."

పడీపడీ నవ్వింది. "అది ఉండాల్సిన చుక్క!"

ఏడాది తిరక్కముందే ఆమె భర్తకు బదిలీ అయింది. వెళ్ళేరోజు రబ్బరు బుడ్డి నా చేతిలో పెట్టి, "ఇక నోటికి పని చెప్పకండి" అంది. అక్షరాలా పాటించాను. ఆ తర్వాత పదేళ్ళు మూర్తిగారి దగ్గరే పనిచేశాను. "ఆ పిల్ల ఓసారి కెమెరాలో ఊదేసింది" అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

మూర్తిగారు ఇప్పటికీ అచ్చులో కనిపించిందల్లా చదువుతారు. ఇదీ చదువుతారు. అయ్యా, ఆరోజు ఊదింది నేనే. కింద నా పేరు రాసి, సున్నా పడిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. పడింది.