భీమశంకరంగారి గీతల సీసా

గదిలో ఉన్న వస్తువులు: ఒక బల్ల, కిరసనాయిలు స్టవ్వు మీద సిరంజీలు మరుగుతున్న గిన్నె, కలరా సూదిమందు బుడ్ల పెట్టె, గోడకు ఒక పాత క్యాలెండరు. ఉన్న మనుషులు: కాంపౌండరు, చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి, బియ్యం మిల్లు గుమాస్తాలు ఇద్దరు, నేను. వరసలో నాది నాలుగో స్థానం. తాడేపల్లిగూడెంలో మొన్న సోమవారం ఉదయం సంగతి. నా వంతు రాగానే కాంపౌండరు దూదిని ఒక సీసాలో ముంచి నా జబ్బ మీద రుద్దాడు. ముందు చల్లగా తగిలింది, తర్వాత స్పిరిటు వాసన వచ్చింది. సూది గుచ్చకముందే నేను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. "ఏవండీ ఇంజనీరు గారూ, సూదంటే భయమాండీ?" అని ఒక గుమాస్తా నవ్వాడు. అవునన్నాను. అది అబద్ధం. ఆ వాసన వస్తే నాకు ఒక మనిషి గుర్తొస్తాడు.

ఆయన పేరు భీమశంకరంగారు. కాలవల శాఖలో సూపర్‌వైజరు. పెదపాడు దాటాక కొల్లేరు ఒడ్డున, మురుగుకాలవ గట్టు మీది రేకుల షెడ్డు ఆయన క్యాంపు. ఇంజనీరింగు డిప్లొమా పుచ్చుకుని నేను ఆయన కింద పనికి చేరేనాటికి నాకు ఇరవై ఒకటి, ఆయనకు యాభై రెండు. పొట్టి మనిషి. ఖాకీ నిక్కరు, మోకాళ్ల దాకా ఎండిన బురద. షెడ్డులో మూడో మనిషి వెంకన్న. ఎదురుగా నీళ్ల మధ్య కనిపించే లంక గ్రామం అతనిది. చేపలు పట్టే కుటుంబం. పని రోజుల్లో మాకు కొలబద్ద పట్టుకునేవాడు. వెంకన్న దూరాన కొలబద్ద నిలబెడితే, భీమశంకరంగారు లెవెలు యంత్రంలోంచి దాని మీది అంకె చదివేవారు, నేను పుస్తకంలో రాసేవాణ్ణి. అక్కడ నేల ఎంత ఎత్తున ఉందో, గట్టు ఎంత పెంచాలో ఆ అంకెలే చెప్పేవి. మా ఉద్యోగమంతా అంతే.

మొదటిరోజే ఒక అంకె తప్పు రాసి, జేబులోంచి రబ్బరు తీశాను. ఆయన చెయ్యి చాపారు.

"ఏవిటది, కాలేజీగారూ?"

"రబ్బరండి."

"ఏదీ, ఇలా ఇవ్వండి చూద్దాం."

ఇచ్చాను. తిప్పి తిప్పి చూసి, కాలవలోకి విసిరేశారు. వెంకన్న దూరం నుంచే నవ్వాడు. "ఆయ్, మూడోదండి బాబుగారూ! ముందొచ్చినోళ్లవి రెండున్నాయండి అందులో."

"తప్పు రాస్తే ఒక్క గీత కొట్టండి, కింద అంకె కనపడేలాగ," అన్నారు ఆయన. "పైన సరైంది రాయండి. పక్కన సంతకం, తేదీ. చెరిపేస్తే తప్పు పోయిందనుకుంటాం. పోదు, గట్టులోకి వెళ్లి కూర్చుంటుంది." ఇంకో నియమం కూడా ఆ రోజే చెప్పారు. ఎక్కడ మొదలుపెట్టామో, కొలుచుకుంటూ సాయంత్రానికి మళ్లీ అక్కడికే రావాలి. మొదటి అంకే తిరిగి రావాలి. రాకపోతే ఆ రోజు పని పనే కాదు. కాలేజీలో మూడేళ్లు చదివింది నాకు అక్కడ మూడు వారాల్లో అర్థమైంది.

పగలు ఇంత నిబ్బరంగా ఉండే మనిషి దీపం పెట్టే వేళకు మారిపోయేవారు. లాంతరు, అగ్గిపెట్టె, తాడు, పార, ఈల: ఇవన్నీ మంచం పక్కన వరసగా పెట్టుకుని రెండుసార్లు తడిమి చూసుకునేవారు. పడుకునే ముందు గట్టు మీదకు వెళ్లి నీటి చప్పుడు వినేవారు. ఎందుకని ఒకసారి అడిగాను. "ఒక ఏడు నేను హాయిగా నిద్రపోయానయ్యా," అన్నారు. "గండి పడింది. ఇద్దరు పోయారు. తల్లీ కూతురూ. నన్ను లేపడానికి ఎవరో తలుపు కొడుతూనే ఉన్నార్ట. నాకు వినపళ్లేదు." అప్పటి నుంచి పక్క మీదకు చేరగానే గుండె దడదడలాడుతుందని, తలుపు చప్పుడు వినిపిస్తుందని చెప్పారు. దానికి తాడేపల్లిగూడెంలో ఒక కాంపౌండరు మందు ఇస్తున్నాడన్నారు.

ఆ మందు నేను చూశాను. డిస్పెన్సరీలో ఇచ్చే పన్నెండు ఔన్సుల సీసా. డోసులు తెలియడానికి కాంపౌండర్లు పక్కన గళ్లుగా కత్తిరించిన కాగితం అంటిస్తారు కదా, అది కూడా ఉంది. గోధుమరంగు ద్రవం, నారింజ తొక్క వాసన. వారానికోసారి వెంకన్న డబ్బాతో తెచ్చేవాడు, ఆయన సీసాలో నింపుకునేవారు. రాత్రికి ఒక్క గీత. ఒక్క గీత మించి ఆయన తాగగా నేను చూడలేదు. ఎనామిల్ గ్లాసులో ఒంపుకుని, సీసా కళ్లకు ఎదురుగా పట్టుకుని, కొలబద్ద చదివినట్టే గీత చదివేవారు.

రెండో నెలకు నాకూ నిద్ర పోయింది. పడుకోగానే ఆ రోజు రాసిన అంకెలన్నీ ఒక్కొక్కటే లేచి వచ్చేవి. ఆరు రాశానా, తొమ్మిది రాశానా? గట్టు దిగువన వెంకన్న వాళ్ల ఊళ్లో నలభై రెండు గడపలు. నేను అటూ ఇటూ దొర్లడం విని భీమశంకరంగారు, "అర గీత పుచ్చుకో అబ్బాయ్. మందే," అన్నారు. పుచ్చుకున్నాను. గొంతు మండింది, తర్వాత తెల్లారింది. మర్నాడు నేనే అడిగాను. ఆ తర్వాత అడగవలసిన అవసరం లేకుండా ఆయన రెండు గ్లాసులు పెట్టేవారు. అలా నాలుగు నెలలు.

ఆషాఢం మొదట్లో వెంకన్నకు జ్వరం వచ్చి, డబ్బాతో నేను వెళ్లవలసి వచ్చింది. ఎంత పట్టాలో కొలతకని సీసా కూడా సంచీలో వేసుకున్నాను. కాంపౌండరు సీసా చూసి పకపకా నవ్వాడు.

"ఈ కాగితం నేనంటించింది కాదండోయ్! పన్నెండు డోసుల సీసాకి రెండే గళ్లా? మీ అయ్యగారే కత్తిరించుకున్నట్టున్నారు."

"డాక్టరుగారు డోసు పెంచారేమోనండి," అన్నాను.

"డాక్టరెవరండీ బాబూ! స్పిరిటూ, నీళ్లూ, కాసింత నారింజ టించరు. రంగుకి మాడబెట్టిన పంచదార." గొంతు తగ్గించాడు. "మద్యనిషేధం కదండీ. మందంటే ఎవరూ అడగరు. మీకు తెలీదా ఏవిటి?"

నాకు తెలియదు. ఏలూరులో మా అమ్మ దేవుడికి దీపం పెట్టి, నా కొడుకు సిగరెట్టు కూడా ముట్టడని ఇరుగమ్మతో చెప్పుకునే రోజులవి. నాలుగు నెలలుగా నేను తాగుతున్నాను, నాకే తెలియకుండా. ఏలూరు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, డబ్బా కాళ్ల మధ్య పెట్టుకుని, ఎవరైనా వాసన పడతారేమోనని దాని మూత మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

పెదపాడు నుంచి దోనెలో వస్తుంటే వాన పట్టుకుంది. సంచీ తడిసి, సీసా మీది కాగితం ఊడి నా చేతికి వచ్చింది. దాని కింద ఇంకో కాగితం ఉంది. దాని కింద ఇంకోటి. ఒక్కొక్కటే ఒలిచి దోనె చెక్క మీద పరిచాను. మొత్తం ఏడు. అన్నిటికంటే అడుగున ఉన్నదానికి పన్నెండు గళ్లు. తర్వాత పది, ఎనిమిది, ఆరు, నాలుగు, మూడు, రెండు. ప్రతి కాగితం మూలనా, తడిసినా చెరగని కాపీయింగ్ పెన్సిలుతో ఆయన పొట్టి సంతకం, తేదీ. మొదటిది మూడేళ్ల కిందటిది. ఆఖరిది పోయిన నెల.

ఆయన తాగేది మొదటి నుంచీ ఒక్క గీతే. గీతే ఔన్సు నుంచి ఆరు ఔన్సులైంది. నేను పుచ్చుకోవడం మొదలుపెట్టినప్పుడు అర గీత అంటే ఔన్సున్నర. ఇప్పుడు అదే అర గీత మూడు ఔన్సులు. నా వాటా రెట్టింపైందని లెక్కలు చదివిన నేను గమనించలేదు. కానీ నన్ను దిగ్భ్రమలో ముంచింది అది కాదు, ఆ సంతకాలు. ఆయన తనను తాను మోసం చేసుకోలేదు. పాత కాగితం చింపకుండా, తేదీ వేసి, తప్పు మీద తప్పు అంటించుకుంటూ వచ్చారు. అంతా తెలిసే చేశారు.

షెడ్డుకు వెళ్లి ఆ ఏడూ ఆయన ముందు బల్ల మీద వరసగా పెట్టాను. మధ్యాహ్నం మూడు గంటలైంది. ఆయన చూశారు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు.

"గీత పెంచారండీ," అన్నాను.

"పెంచాను. చెరపలేదుగా."

జ్వరంతో గోడవార పడుకున్న వెంకన్న దుప్పటిలోంచి అన్నాడు. "పొద్దున్నే కూడా ఏత్తన్నారండి బాబుగారూ. నెల్నాళ్ల నుంచి. మీతో చెప్పొద్దన్నారండి."

ఆయన తలెత్తలేదు. ఆ కాగితాల్లో ఆఖరిదాని తేదీ మీద వేలు పెట్టి అడిగారు. "లంక ఉత్తరపు గట్టుకి ఎత్తు మేకులు కొట్టించింది ఎప్పుడు?"

"ఆ మర్నాడేనండి."

"ఆ సాయంత్రం తిరిగి మొదటి అంకెకి వచ్చామా?"

రాలేదు. ఆయన ఆలస్యంగా లేచారు, నా తలా దిమ్ముగానే ఉంది. రేపు చూద్దాం అని ఆయనన్నారు, నేను సరేనన్నాను. ఆ రేపు రాలేదు. వెంకన్న దుప్పటి తీసి లేచి కూర్చున్నాడు. అది అతని ఊరి గట్టు.

ఆ వానలోనే వెళ్లాం. వెంకన్న జ్వరంతోనే కొలబద్ద పట్టాడు. భీమశంకరంగారి చేతులు యంత్రం మీద నిలవక, నన్ను చదవమన్నారు. చదివాను. రెండోసారి చదివాను. ఉత్తరపు మేకులన్నీ సరిగ్గా ఒక అడుగు తక్కువ. ఆయన ఒక అడుగు తప్పు చదివారు, నేను రాశాను. కూలీలు ఆ మేకుల ఎత్తుకే మట్టి పోసి వెళ్లిపోయారు. గట్టుకి అవతల కొల్లేరు అప్పటికే మోకాలి లోతు పెరిగి ఉంది.

ఆ సాయంత్రం లెవెలు పుస్తకం తెరిచి, పాత అంకె మీద ఒక్క గీత కొట్టి, పైన సరైంది రాసి, సంతకం చేసి, పక్కన రిమార్కుల గడిలో ఒక మాట రాశారు: చదివినవాడు తాగి ఉన్నాడు.

"అయ్యో, పై ఇంజనీరుగారు చూస్తారండీ! ఉద్యోగం పోతుంది," అన్నాను.

"చూడాలనేనయ్యా."

"నేనూ తాగానండి. నా పేరూ రాయండి."

"నీకు మందని చెప్పి పోసింది నేను. ఆ గడి నాది." తర్వాత డబ్బా వైపు చూడకుండా అన్నారు. "తీసుకెళ్లి నీళ్లల్లో ఒంపెయ్. నేను అడిగినా ఇవ్వకు."

ఒంపేశాను. సీసాలో ఉన్నది కూడా. నా జన్మలో అంత మంచిపని చెయ్యలేదనుకున్నాను. వెంకన్న ఊరివాళ్లు మర్నాడు తెల్లవారక ముందే ఆడా మగా గట్టు మీద మట్టి పొయ్యడం మొదలుపెట్టారు. భీమశంకరంగారు పక్కనే నిలబడి ఎత్తు చూపించారు. మధ్యాహ్నానికి చెమటలు కారిపోతున్నాయి. "జొరమేమోనండి," అన్నాడు వెంకన్న. నేనూ అదే అనుకున్నాను. మిరియాల కషాయం కాచి ఇచ్చాం. మూడోరోజు అన్నం పళ్లెం ముందు కూర్చుని, షెడ్డులోకి నీళ్లొచ్చాయని కాళ్లు పైకి ముడుచుకున్నారు. తలుపు తియ్యండి, ఎవరో కొడుతున్నారు, అన్నారు. తలుపు తెరిచే ఉంది. తర్వాత ఒళ్లు కొయ్యబారి, ఫిట్సు వచ్చింది. ఒక్కసారి నా వైపు చూసి, "అర గీత అబ్బాయ్," అన్నారు. ఆయనకు ఇచ్చిన మాట ప్రకారం నేను లేదన్నాను. నిజానికి ఇవ్వడానికీ చుక్క లేదు.

దోనెలో వేసుకుని, అక్కడి నుంచి బండి మీద ఏలూరు ఆసుపత్రికి చేర్చాం. నాలుగో రోజు ఉదయం పోయారు. డాక్టరు చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"రోజూ తాగే మనిషేనా?"

"అవునండి."

"ఎప్పుడు మానేశాడు?"

"నాలుగు రోజులైందండి. పూర్తిగా మానేశారు," అన్నాను. గర్వం లాంటిది ఇంకా నా గొంతులో ఉంది.

డాక్టరు తువ్వాలుతోనే నా వైపు తిరిగాడు. "ఒక్కసారిగానా? ఇంత తాగేవాణ్ణి ఒక్కసారిగా మాన్పించకూడదయ్యా. ప్రాణం మీదకొస్తుంది. ముందే ఇక్కడికి తీసుకొస్తే, మేం దగ్గరుండి మెల్లిగా దింపేవాళ్లం కదా."

ఏడు కాగితాలూ నా చొక్కా జేబులోనే ఉన్నాయి. మూడేళ్లలో ఏడు మెట్లు ఎక్కిన మనిషి. దిగడానికి కూడా మెట్లు కావాలని నాకు తోచలేదు. డబ్బా ఒంపిన చెయ్యి నాది. ఇది రాస్తూ కూడా ఆ చేతి వైపు చూడలేకపోతున్నాను. శ్రావణంలో నీళ్లు ఉత్తరపు గట్టుకి జానెడు కిందిదాకా వచ్చి ఆగాయి. పాత మేకుల ఎత్తే ఉండి ఉంటే నలభై రెండు గడపలూ మునిగేవి. వెంకన్న ఆ మాట నాతో చెప్పి, ఆయనకి చెప్పలేకపోయామండీ అన్నాడు.

ఆ డాక్టరుకు నా సంగతీ అంతా చెప్పాను. నా మోతాదుకీ ఆయన మోతాదుకీ తేడా ఉంది కనుక నాకు ప్రమాదం తప్పిందన్నాడు. నిద్ర రాకపోతే పక్క మీద పెనుగులాడకు, లేచి కూర్చో, వచ్చాక పడుకో, మళ్లీ ఆ సీసా జోలికి మాత్రం వెళ్లకు, అన్నాడు. అలాగే చేస్తున్నాను. నిద్ర పూర్తిగా తిరిగి రాలేదు. పట్టకపోయినా పట్టినట్టు ఎవరితోనూ చెప్పను. పట్టని రాత్రి డైరీలో రాసుకుంటాను, ఎందుకు పట్టలేదో పక్కన రాస్తాను, ఒక్క అంకె కూడా దిద్దను. భీమశంకరంగారు నాకు నేర్పింది అదే. ఆయన ఒక్కరే ఉండి నేర్చుకోలేకపోయింది, భయం వేసినప్పుడు ఇంకొకరికి చెప్పడం. అది ఆయన్ని పోగొట్టుకుని నేర్చుకున్నాను.

ఈ నెలలో ఇవాళ్టికి నిద్ర పట్టని రాత్రులు పదకొండు.