ఆరో చుట్టు

హిందీ సినిమాలో పెళ్ళి ఉందంటే పురోహితుడి వేషం రామాధార్ చౌబేదే. గోరేగావ్ స్టూడియో గేటు దగ్గర ఆటో దిగేసరికే నుదుట చందనం, భుజాన పట్టుకండువా, ముఖాన నాలుగు వేదాల గాంభీర్యం సిద్ధంగా ఉంటాయి. వచ్చిన మంత్రాలు మాత్రం రెండున్నర. అవి అయిపోయాక ఊరికే పెదవులు కదుపుతాడు. ఆయన పట్టింపల్లా ఒక్కటే. హోమం చుట్టూ ఏడు చుట్లూ పూర్తయితే వేషగాళ్ళకైనా నిజం పెళ్ళి అయిపోతుందని, ఆరో చుట్టుకే ఆపేస్తాడు. ఆ రోజు తీస్తున్నది, అద్దె ఇల్లు దొరకడం కోసం ఉత్తుత్తి పెళ్ళి చేసుకుని చివర్లో ప్రేమలో పడే జంట కథ. ఆరు చుట్లయ్యాక, వెలుతురు సరిపోలేదు, ఆఖరి చుట్టు ఇంకోసారి తిరగమన్నాడు దర్శకుడు బత్రా. చౌబే కొబ్బరికాయతో అడ్డంగా నిలబడ్డాడు.

"ముందు ఒక చుట్టు వెనక్కి తిరగాలి సార్. రేపు ఈ అమ్మాయి బతుక్కి మీరు పూచీ పడతారా?"

"ఆవిడకి ఇంట్లో మొగుడూ ఇద్దరు పిల్లలూ ఉన్నారు పండిత్‌జీ."

"అందుకే చెప్తున్నా."

హీరో హీరోయిన్లు ఒక చుట్టు వెనక్కి నడిచి, మళ్ళీ ముందుకు తిరిగారు.

సాయంత్రం రొట్టెలు కాలుస్తున్న భార్య కుంతికి చౌబే ఈ ఘనకార్యం వినిపించాడు. బొంబాయిలో తలదాచుకోవడానికి, మామగారికి చాల్‌లో, ఆ వరసగదుల లోగిట్లో, ఉన్న ఒక్క గదిని చూసి ఆయన చేసుకున్న పెళ్ళి వాళ్ళది. కుంతి పెనం మీద రొట్టె తిరగేసింది.

"మన పెళ్ళికి అంత జాలిగల పంతులు దొరక్కపోయాడు."

చౌబే ఊరికే పెదవులు కదిపాడు.