మల్లేశం కాక మొదటి రిపోర్టు

2021లో, కరోనా రెండో వేవ్ సర్దుమణుగుతున్న రోజుల్లో, సూరత్‌లోని ఆల్థాన్‌లో ఒక కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుగా పనిచేసేదాన్ని. డాక్టరు గారు చూసే ముందు కంటి పరీక్షలన్నీ చేసేది నేనే. ముఖానికి రెండు మాస్కులు, వాటి మీద ప్లాస్టిక్ షీల్డు. రోగి వెంట వచ్చినవాళ్లు గాజు తలుపు అవతలే ఆగాలి. అసలే నాకు ఓపిక తక్కువ, ఆ వేషంలో అది కూడా ఆవిరైపోయేది.

ఒకరోజు ఊరి శివార్లలోని సచిన్ అనే పారిశ్రామికవాడలో సాంచెలు, అంటే పవర్‌లూములు, నడిపే మల్లేశం కాక వచ్చాడు. మాదీ కరీంనగర్ వైపే కాబట్టి వరస కలిపేశాను. కంటి ప్రెషర్ పదహారు వచ్చింది. మామూలే. కానీ కంటి నరం చూసిన డాక్టరు గారికి, చూపును మెల్లగా తినేసే గ్లాకోమా అనుమానం వచ్చి పాకిమెట్రీ చేయమన్నారు. కంటి ముందుండే అద్దంలాంటి పొర, కార్నియా, ఎంత మందం ఉందో కొలిచే పరీక్ష అది. కాకది బాగా పల్చన. పొర పల్చనైతే ప్రెషర్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. మా పదహారును నమ్మడానికి లేదు.

ఇక తేల్చాల్సింది ఫీల్డ్ టెస్ట్. మధ్యలో చుక్కనే చూస్తూ, చుట్టుపక్కల ఎక్కడ వెలుగు మెరిసినా బటన్ నొక్కాలి. చూపు ఎక్కడ పోయిందో తెలిసిపోతుంది. కాకకు మూడుసార్లు చెప్పాను, మూడోసారి గొంతు చించుకుని. మూడుసార్లూ బుద్ధిగా తలూపాడు.

కాక టకటకా నొక్కుతూ పోయాడు. ఒక్క వెలుగూ వదల్లేదు. నేను సంబరంగా రిపోర్టు పట్టుకెళ్తే డాక్టరు గారు ఒక అంకె మీద వేలు పెట్టారు. ఫాల్స్ పాజిటివ్స్. వెలుగు లేకపోయినా నొక్కిన లెక్క అది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రిపోర్టు నమ్మి పంపిస్తే కాక మందు లేకుండా ఇంటికెళ్లి, మెల్లమెల్లగా చూపు పోగొట్టుకునేవాడు.

తలుపు అవతలున్న ఆయన భార్య రాజవ్వకు నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆమె తాపీగా అంది.

“సాంచెల మోతకు చెవులు పోయినయి బిడ్డా. గాయన మాట వినడు, మూతి చూస్తడు. నీ మూతేమో బట్టల ఉండె.”

కాకను గాజుకు ఇవతల నిలబెట్టి, నేను అవతలికెళ్లి, అందరికీ దూరంగా మాస్కులు దించి మళ్లీ చెప్పాను. గొంతు కూడా ఎత్తలేదు. కాక జవాబు మాత్రం గాజు అదిరేలా వచ్చింది.

“గిట్ల మెల్లగ చెప్తే అయిపోతుండె గద. గంతసేపు ఒర్రుడెందుకు? నాకేం తెల్వక, సాంచె నడిసినట్టు నొక్కిన.”

రెండో రిపోర్టులో కుడికంటి చూపు పైభాగాన నల్లటి మచ్చ తేలింది. గ్లాకోమా ఖాయమైంది. మళ్లీ గాజు దగ్గరే నిలబడి, రోజూ చుక్కల మందు వేసుకోవాలని, కార్నియా పల్చన కాబట్టి ఇంకా జాగ్రత్తగా ఉండాలని చెప్పాను. సన్నగుంటే మంచిదే గద అన్నాడు, బట్ట నేసే మనిషి గర్వంతో. అప్పుడు రెండు రిపోర్టులూ గాజుకు ఆనించి చూపించాను. కాక చాలాసేపు చూసి మొదటిదాని మీద వేలు పెట్టాడు.

“గిది మంచిగుంది. గిదే ఉంచరాదు?”

నవ్వబోయాను, ఏడుపొచ్చింది. తెగిన పోగును నడుస్తున్న సాంచెలోనే పట్టేసే కళ్లవి. పోయిన చూపు రాదని, ఉన్నది నిలుపుకుందామని చెప్పాను. కాక నా మూతి వైపే చూస్తూ, “మల్లొకసారి చెప్పు బిడ్డా,” అన్నాడు. మొదటిసారికే అర్థమైందని నాకు తెలుసు. అయినా మళ్లీ చెప్పాను.

ఇప్పుడు ఏ రిపోర్టైనా మరీ బాగా వస్తే సంబరపడను. రోగికి అర్థమయ్యేలా చెప్పానా అని ముందు నన్ను నేను అనుమానించుకుంటాను.