ఒకే తానులో గుడ్డ

మా గౌన్లలో గుడ్డ మిగుల్చుకుని మిషనక్క కుక్కలకి కోట్లు కుడుతోందని వీధంతా కోడై కూసింది. ఆ మాట అబద్ధం. ఉత్తినే అనడం లేదు, బాగున్న దిండు గలీబు చింపుకుని మరీ, కుట్టించుకునే వంకతో వెళ్ళి చూసొచ్చాను.

మిషనక్కంటే వాళ్ళ బావగారి ఇంటి ముందుగదిలో బట్టలు కుట్టే ఆవిడ. మొగుడు పోయాక ఆ కుట్టు మిషనే ఆమెకి తిండి పెట్టింది. మిగిలిన పీలికలు ఎవరివి వాళ్ళకి మూటగట్టి ఇచ్చేస్తుంది. నా దిండు నిండా ఉన్నవి అవే.

నిన్నమొన్నటి దాకా మా వీధిలో ఏ కుక్క పేరైనా 'ఛీ పో'. ఇప్పుడు వాటికి షాంపూలు, డాక్టర్లు, పుట్టినరోజులు. పెద్దరోడ్డు మీద వాటి సామాన్లకే దుకాణాలు లేచాయి. ఆ దుకాణాలవాళ్ళు కోట్లు కుట్టమంటే మిషనక్క సరేనంది. గుమ్మం మీద 'మనుషులకీ కుక్కలకీ కుట్టబడును' అని బోర్డు కూడా కొట్టింది.

గొడవంతా పూలగుడ్డతో వచ్చింది. పక్కవీధి మేనేజరుగారి భార్య పూలపూల గౌను కుట్టించుకుంది. మర్నాడే అవే పూలు తొడుక్కుని ఓ బొచ్చుకుక్క షికారుకొచ్చింది. దాని యజమాని కూడా అదే కొట్లో, అదే తానులో గుడ్డ కొన్నాడు మరి. ఆ సంగతి పైకి చెప్పుకోలేక ఆవిడ మిషనక్కకి దొంగతనం అంటగట్టింది.

జనం రావడం తగ్గింది. ఆఫీసులో నలుగురూ నవ్వుతున్నారని బావగారు మండిపడి, బోర్డైనా దింపు, గదైనా ఖాళీ చెయ్యి అన్నారు. నేను గలీబు పట్టుకెళ్ళిన పూటే ఆమె తోడికోడలు కూడా మేడ మీంచి దిగొచ్చి, కుక్క నడుము కొలిచిన టేపుతోనే మమ్మల్నీ కొలుస్తావా అని దెప్పింది.

"కుక్కే నయం అక్కా. కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టదు, కుట్టాక బిగుతయిందని నన్ననదు," అంది మిషనక్క.

నవ్వాపుకోలేక గలీబు నోట్లో కుక్కుకున్నాను. తోడికోడలు నావైపు చూసిన చూపుకి అది అంటుకోకపోవడమే ఆశ్చర్యం.

ఆవిడ విసవిసా మెట్లెక్కి పోయింది. నవ్వైతే నవ్వాను గానీ, ఈ గది పోతే మిషను ఎక్కడ పెట్టుకుంటుందని నాకు లోపల ఒకటే పీకులాట. ఉండబట్టలేక మొహమ్మీదే అడిగేశాను. "ఏమ్మా, బోర్డు దింపుతావా, గది వదులుకుంటావా?"

దారం కొస పళ్ళతో తెంపింది.

"దింపుతాను పిన్నిగారూ. కొత్తగదికి కొట్టాలంటే ముందు దింపాలిగా. మేకులు కూడా నావే, అవీ పీక్కుపోతాను."