కుండ మీద పిట్ట తోక

మూడు వేల ఏళ్ల కిందట చచ్చిపోయిన కుమ్మరిని లేపి కూర్చోబెట్టి, చేతికి కుంచె ఇచ్చి, సగంలో వదిలేసిన పిట్ట బొమ్మను పూర్తి చేయించుకున్న మనిషి ఈ భూమ్మీద ఒక్కతే. ఆమే అతుకులక్క.

ఆమె పనిచేసే కాలేజీలో చిత్రకళనీ తవ్వకాల చదువునీ కలిపి ఒకే డిగ్రీగా చెబుతారు. విద్యార్థుల్లో సగం మందికి మట్టి పడదు, మిగతా సగానికి గీత తిన్నగా రాదు. అందరికీ దిక్కు అతుకులక్కే. తవ్వకాల్లో దొరికిన పెంకుల్ని ఇసుక తొట్టిలో నిలబెట్టి అతికించడం ఇరవై ఏళ్లుగా ఆమె పని. సైన్‌బోర్డులు రాసే ఆయన కూతురు కదా, చేతికి తిరుగులేదు. ఆమె అతికించిన కూజాలో నీళ్లు పోస్తే బయటికి దారి దొరక్క అవి లోపలే ముసలివైపోతాయట.

ఆ చేయే ఆమె కొంప ముంచింది. పెంకు దొరకని చోట ప్లాస్టర్ నింపి, రంగు ఒక ఛాయ తక్కువగా వేయాలి. ఏది పాతదో ఏది కొత్తదో చూడగానే తెలియాలి. ఒక్క కుండ దగ్గర మాత్రం ఆమెకు మనసొప్పలేదు. తోక ఉన్న పెంకు దొరక్క, తోక లేకుండా మిగిలిన పిట్ట బొమ్మను చూస్తే జాలేసింది. అచ్చం పాత రంగే కలిపి, విసనకర్రలాంటి తోక వేసేసింది. ఎవరూ కనిపెట్టలేదు. ఆ వారమంతా ఆమె కాలు నేల మీద నిలవలేదు.

ఏడేళ్ల తర్వాత చివరి ఏడాది అమ్మాయి ఒకతె ఆ తోక మీదే అరవై పేజీల ప్రాజెక్టు రాసింది. ఆ పిట్ట ఏ జాతిదో, ఎక్కడి నుంచి వలస వచ్చిందో అంతా తేల్చేసింది.

“అక్కా, మొదటి పేజీలో నీకే థాంక్స్ చెప్పాను, చూడు.”

ఆ కాగితం ముట్టుకోవడానికి అక్కకు చేయి రాలేదు. మర్నాడే పరీక్షకులు వస్తున్నారు. నోరు మెదపకపోతే తన మర్యాద తనకు దక్కుతుంది. ఎప్పుడో ఎవరో కనిపెడితే మాత్రం ఆ పిల్ల తలెత్తుకోలేదు.

అక్క ఆ కుండ తెచ్చి, రంగు వదలగొట్టే మందులో ముంచిన దూదితో, ఆ అమ్మాయి కళ్ల ముందే, తోక మీద రుద్దింది. రంగంతా దూదికి వచ్చేసి తెల్లటి ప్లాస్టర్ బయటపడింది.

ప్రాజెక్టు ఆరు నెలలు వెనక్కి పోయింది. ఆ అమ్మాయి కాలేజీలో ఉన్నన్నాళ్లూ మళ్లీ అక్కా అని పిలవలేదు.

చచ్చిన కుమ్మరిని లేపి తోక వేయించిందన్న కథ మాత్రం ఏటా కొత్త బ్యాచికి చేరుతూనే ఉంది. ఎవరైనా నవ్వుతూ అడిగితే అతుకులక్క ఇసుక తొట్టి మీంచి తల ఎత్తకుండానే చెబుతుంది.

“కుమ్మరీ లేడు, ఎవడూ లేడు. నేనే వేశాను. వేసిన రోజే చెప్పాల్సింది. చెప్పలేదు.”